వంట నేర్చుకునే పిల్లలకు కంప్యూటర్ ఎలా నేర్పాలి?

ప్రశ్న: నేను ఎంసీఏ చేశాను. ఈ ఏడాదే ఒక హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో కంప్యూటర్ పేపర్ చెప్పడానికి చేరాను. పిల్లలంతా షెఫ్ అవుదామని వచ్చినవాళ్లు. ల్యాబ్‌లో కూర్చోబెడితే సగం మంది కునుకు తీస్తారు, మిగతా సగం రీల్స్ చూస్తారు. "వంటవాడికి ఇదంతా ఎందుకు?" అని మొహం మీదే అడుగుతున్నారు. వీళ్లకు ఏం నేర్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

కునుకు సంగతి ముందు చెప్తాను. అందులో పిల్లల తప్పు సగమే. పొద్దున్నే కిచెన్‌లోకి దిగి, ఉల్లిపాయలు తరిగి, నాలుగు గంటలు పొయ్యి దగ్గర నిలబడి, వండింది తిని వచ్చి ఏసీ ల్యాబ్‌లో కూర్చుంటే నాకైనా నిద్రొస్తుంది. టైమ్‌టేబుల్ వేసేవాళ్లను బతిమాలి మీ పీరియడ్‌ని ప్రాక్టికల్ కంటే ముందుకు మార్పించుకోండి. సగం సమస్య అక్కడే తీరుతుంది. మిగతా సగం గురించే ఈ రాత.

మీరు కంప్యూటర్ వైపు నుంచి వచ్చారు, నేను పొయ్యి వైపు నుంచి వచ్చాను. 14 ఏళ్లు హోటల్ కిచెన్లలో పనిచేసి, తర్వాత 9 ఏళ్లుగా హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో చెప్తున్నాను. ఎక్సెల్ నేర్చుకున్నది 31వ ఏట, అదీ తిట్లు తిని. సూ షెఫ్‌గా (పెద్ద షెఫ్ తర్వాతి స్థానం) ప్రమోషన్ వచ్చిన మొదటి నెలాఖరున అకౌంట్స్ వాళ్లు పిలిచి, "మీ కిచెన్ ఫుడ్ కాస్ట్ 41 శాతం వచ్చింది, ఎందుకు?" అన్నారు. (ఫుడ్ కాస్ట్ అంటే అమ్మకాల్లో సరుకు ఖర్చు వాటా.) ఎందుకో నాకు తెలుసు. ఆ నెల వచ్చిన రొయ్యలు చిన్నవి, తల, పొట్టు తీస్తే సగం కూడా మిగల్లేదు. కానీ ఆ ముక్క వాళ్ల షీట్‌లో ఎక్కడ చూపించాలో తెలియదు. గుడ్డు ఉడకబెట్టడం రాని కుర్రాడు నా కిచెన్ గురించి నాకే పాఠం చెప్తుంటే తలూపుతూ కూర్చున్నాను. "వంటవాడికి ఇదంతా ఎందుకు?" అని పిల్లలు అడిగినప్పుడు నేను చెప్పేది ఈ కథే. వంట రాక ఉద్యోగం పోయినవాళ్లను తక్కువ మందిని చూశాను. లెక్క చూపించలేక కమీ (కిచెన్‌లో కింది మెట్టు వంటవాడు) దగ్గరే ఆగిపోయినవాళ్లను చాలా మందిని చూశాను.

అయినా టీచర్‌గా మొదటి రెండేళ్లు నేను చేసిందీ మీరు చేస్తున్నదే. సిలబస్‌లో ఉన్నట్టు వర్డ్‌లో లెటర్, పవర్‌పాయింట్‌లో పది స్లైడ్లు, ఎక్సెల్‌లో మార్కుల పట్టిక. పరీక్షలో అందరూ పాసయ్యారు. ట్రైనింగ్‌కి హోటల్‌కి పంపిస్తే అక్కడి షెఫ్ ఫోన్ చేశాడు: "మీవాడికి రేపటి ఇండెంట్ (కావలసిన సరుకుల జాబితా) సిస్టమ్‌లో ఎక్కించమంటే గంట నుంచి స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాడు." తప్పు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. మార్కుల పట్టికతో వాళ్లకు పనేముంది?

మూడో ఏడు మొదటి క్లాసు ల్యాబ్‌లో పెట్టలేదు. కిచెన్‌లో పెట్టాను. సరుకు గోంగూర.

గోంగూరే ఎందుకంటే దాన్ని కట్టల్లో కొంటాం, గ్రాముల్లో వండుతాం. పది కట్టలు వంద రూపాయలకు తెప్పించాను. కాటా మీద పెడితే 1,150 గ్రాములు. "కిలో ఎంత పడింది?" అంటే ఫోన్ క్యాలిక్యులేటర్‌లో కొట్టి "87 రూపాయలు సార్" అన్నారు. సరే, వలవండి అన్నాను. ఎనిమిది మంది కూర్చుని కాడలు, పండుటాకులు తీసేసి మంచి ఆకు మళ్లీ తూచారు: 640 గ్రాములు. "ఇప్పుడు కిలో ఎంత?" మళ్లీ కొడితే 156. గదిలో కాస్త సద్దు అయింది. ప్లేటుకి 80 గ్రాముల ఆకు వేస్తే 7 రూపాయలు అనుకున్నది పన్నెండున్నర. రోజుకి వంద ప్లేట్లు అమ్మే హోటల్ అయితే లెక్కలో లేకుండా రోజూ 550 రూపాయలు చెత్తబుట్టలోకి పోతున్నట్టు.

అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచాను. కొన్న బరువు ఒక గడి, వలిచాక బరువు ఒక గడి, కొన్న ధర ఒక గడి. నాలుగో గడిలో ఫార్ములా. కొత్తగా నేను చెప్పిందేమీ లేదు, చేత్తో వాళ్లు అప్పటికే చేసిన లెక్కే. ఆ వారం ఉల్లిపాయ, మునక్కాయ, చేప, రొయ్య అన్నీ తూచి ఎక్కించమంటే ఎవడూ నిద్రపోలేదు. ఆ షీట్ ఇప్పటికీ ఉంది. ఏటా కొత్త బ్యాచ్ దాన్ని పెంచుతూ పోతుంది. వేసవిలో గోంగూరకీ వానాకాలపు గోంగూరకీ వలిచాక మిగిలేది ఎంత తేడానో అందులో కనిపిస్తుంది. ఇది పుస్తకంలో దొరకదు, మా కాలేజీ సొంత ఆస్తి.

ఫార్ములాల్లో పిల్లలు ఎక్కువ తడబడేది డాలర్ గుర్తు దగ్గర. ఫార్ములాని కిందికి లాగితే గడులు కూడా కదిలిపోతాయి, కదలకూడని దానికి డాలర్ పెట్టాలి. ఇది ఇంగ్లీషులో మూడుసార్లు చెప్పినా ఎక్కలేదు. జనగామ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి పక్కవాడికి చెప్తుంటే విన్నాను: "అరే, బర్రెను గుంజకు కట్టేసినట్టురా. డాలర్ పెడితే గుంజ. పెట్టకపోతే మేసుకుంటా పోతది." అప్పటినుంచి మా క్లాసులో దాని పేరు గుంజే. "సార్, ఇక్కడ గుంజ వెయ్యాలా?" అని అడుగుతారు. ఈ పిల్లలే నెల తిరక్కుండా జులియన్, బ్రునుయాజ్, మీజాన్ ప్లాస్ లాంటి వంటింటి ఫ్రెంచి మాటలు నోటికి పట్టేస్తారు. భాష వాళ్లకు అడ్డం కాదు. చేతిలో కత్తి ఉన్నప్పుడు ఏ భాషైనా వస్తుంది. తెలుగు మీడియం నుంచి వచ్చారని మీరు జాలిపడి తగ్గించకండి.

రెండో మెట్టు ప్లేటు ఖరీదు. గోంగూర మటనే తీసుకోండి. మటన్ కిలో 800 అనుకుంటే 180 గ్రాములకు 144. ఆకు పన్నెండున్నర. నూనె, ఉల్లి, మసాలా, ఉప్పు, కారం కలిపి ఇంకో ఇరవై మూడున్నర. మొత్తం 180. దీనికి 35 శాతం ఫుడ్ కాస్ట్ రావాలంటే అమ్మే ధర 514. ఇక్కడ తప్పకుండా ఒకడు 180 అని కొట్టి యూనిట్ దగ్గర గ్రాములకు బదులు కిలోలనే ఉంచేస్తాడు. లక్షా నలభై నాలుగు వేల రూపాయల మటన్ వస్తుంది. క్లాసంతా నవ్వుతుంది. నవ్వనివ్వండి. ఆ తర్వాత యూనిట్ చూడకుండా ఎవడూ ఎంటర్ కొట్టడు. (నూనె డబ్బాతో కూడా ఇదే గొడవ. 15 కిలోల డబ్బా వేరు, 15 లీటర్ల డబ్బా వేరు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములే తూగుతుంది, అంటే లీటర్ల డబ్బాలో నూనె దాదాపు కిలో 350 గ్రాములు తక్కువ. బిల్లు చదవకుండా ఎక్కించినవాడిని ఈ ఒక్క లెక్కతో పట్టుకోవచ్చు.)

మూడో మెట్టులో వాళ్ల మొహాలు మారతాయి. ఈ కాలం పిల్లల్లో సగం మంది కల క్లౌడ్ కిచెన్, అంటే కూర్చుని తినే చోటు లేకుండా డెలివరీకే వండే కిచెన్. అదే 514 రూపాయల ప్లేటుని డెలివరీ యాప్‌లో పెట్టించండి. కమిషన్ 25 శాతం అనుకుంటే 128 రూపాయల 50 పైసలు పోయాయి. ఆ కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 23. మామూలు రెస్టారెంట్ తిండి మీద కస్టమర్ కట్టేది 5 శాతం జీఎస్టీయే, దానికి ఇన్‌పుట్ క్రెడిట్ (ఖర్చుల మీద కట్టిన పన్నుని వెనక్కి తీసుకునే వీలు) లేదు కాబట్టి ఆ 23 వెనక్కి రాదు. డబ్బా, సంచి కలిపి 15. సరుకు ఖర్చు 180 తీసేస్తే చేతిలో మిగిలేది 167. జీతాలు, గ్యాస్, కరెంటు, అద్దె అన్నీ అందులోంచే. ఇప్పుడు "20 శాతం ఆఫర్ పెట్టండి, ఆ భారం రెస్టారెంట్‌దే" అని ఇంకో వరస కలపమనండి. నేను ఏమీ మాట్లాడను, వాళ్లే స్క్రీన్ చూస్తూ ఉంటారు. కిందటేడు ఒకమ్మాయి ఆ సాయంత్రమే వాళ్ల నాన్నకి ఫోన్ చేసి, అమీర్‌పేటలో అడ్వాన్స్ ఇవ్వబోతున్న షాపు సంగతి ఆపేయించింది. మంచి పని చేసిందో లేదో తెలియదుగానీ, లెక్క చూసి చేసింది.

ఈ మూడింటికే నాకు సగం సెమిస్టర్ పడుతుంది. తొందరపడకండి.

ఆర్డర్లు, కేవోటీ (కిచెన్‌కి వెళ్లే ఆర్డర్ చీటీ) గురించి ఎక్కువ చెప్పను. పీవోఎస్ (ఆర్డర్లు, బిల్లుల) సాఫ్ట్‌వేర్ కొనడానికి కాలేజీ డబ్బివ్వకపోతే దిగులు వద్దు. ఒక షేర్డ్ షీట్, పాత ట్యాబ్ ఒకటి చాలు. లంచ్ ప్రాక్టికల్ రోజు నలుగురు బయట కూర్చుని ఆర్డర్ ఎక్కిస్తారు, లోపల ట్యాబ్‌లో కనిపిస్తుంది, ప్లేటు వెళ్లగానే టిక్కు పెడతారు. ఒక ఐటమ్ అయిపోతే దాన్ని వెంటనే మెనూలోంచి ఆఫ్ చెయ్యడం ముఖ్యం. అది మర్చిపోయి లేని చికెన్‌కి ఆరు ఆర్డర్లు తీసుకున్న రోజు వాళ్లకు వచ్చే జ్ఞానం ఏ స్లైడూ ఇవ్వదు. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ అయినా ఉద్యోగంలో చేరాక వారంలో వచ్చేస్తుంది. బటన్లు నేర్పడానికి టైము తగలేయొద్దు.

ఫుడ్ ఫొటోలు, రీల్స్ గురించి అయితే మీరు నోరు మూసుకుని కూర్చోండి, నేనూ అదే చేస్తాను. అక్కడ వాళ్లే గురువులు.

ఇప్పుడు నేను ఓడిపోయిన చోటు. ఫ్రిజ్ ఉష్ణోగ్రత లాగ్. చల్లగా ఉంచేది 5 డిగ్రీల లోపు, వేడిగా ఉంచేది 60 పైన, మధ్యలో సూక్ష్మజీవుల రాజ్యం. ఇది మొదటి నెలలోనే చెప్తాం. మా వాక్‌ఇన్ (లోపలికి నడిచి వెళ్లేంత పెద్ద ఫ్రిజ్) తలుపు మీద కాగితం, రోజుకి మూడుసార్లు రాయాలి. ఒక మే నెలలో చూస్తే వారం మొత్తం "3, 3, 3", ఒకే పెన్ను, ఒకే దస్తూరి. అందులో ఒక రోజు రాత్రంతా కరెంటు లేదు. జనరేటర్ కూడా మొరాయించింది. పాలు విరిగిపోయి, పదకొండు కిలోల చికెన్ పారబోశాం. కాగితం మీద మాత్రం ఆ రోజూ 3 డిగ్రీలే.

టెక్నాలజీతో తీర్చేద్దామని గూగుల్ ఫామ్ పెట్టాను, టైము దానంతట అదే పడుతుంది కదా అని. టైము పడింది. పొద్దున ఆరింటి ఎంట్రీ హాస్టల్ మంచం మీద నుంచి వచ్చింది. థర్మామీటర్ ఫొటో తప్పనిసరి అన్నాను. నిన్నటి ఫొటోనే మళ్లీ పెట్టారు. తర్వాత డేటా లాగర్ కొన్నాం. అది తనంతట తనే రాసుకుంటుంది, వేడి పెరిగితే ఫోన్‌కి అలారం కొడుతుంది. అలారం గ్రూపుని అందరూ మ్యూట్‌లో పెట్టారు. నవ్వకండి, పెద్ద హోటళ్లలో కూడా ఇంతే.

కాస్త పనిచేసింది ఒక్కటే. ప్రతి సోమవారం ఒకడు మొదట థర్మామీటర్‌ని పరీక్షించాలి. గ్లాసు నిండా ఐసు ముక్కలు, కొంచెం నీళ్లు, కలిపి పెట్టి ప్రోబ్ (థర్మామీటర్ పుల్ల) ముంచితే సున్నా చూపించాలి. ఒకసారి మా థర్మామీటర్ ఐసులో 4 చూపించింది. అంటే అన్నాళ్లూ నిజాయితీగా రాసినవాళ్ల అంకెలు కూడా తప్పే. ఆ రోజు పిల్లలు నిజంగా కదిలారు. అబద్ధం రాయొద్దు అని నేను నెత్తీనోరూ బాదుకున్నప్పుడు పట్టించుకోనివాళ్లు, "అయితే పోయిన వారం చేప ఎంతలో ఉన్నట్టు సార్?" అని వాళ్లంతట వాళ్లే లెక్క తీశారు. లాగ్ ఇప్పటికీ పూర్తిగా బాగుపడలేదు. ముందు కంటే మేలు.

మీరు అడగలేదుగానీ ఏఐ సంగతీ వస్తుంది, తప్పించుకోలేరు. రెసిపీ అసైన్‌మెంట్ ఇస్తే పది నిమిషాల్లో ముప్పై రెసిపీలు వచ్చిపడతాయి. నేను ఆపను. తెచ్చినవాడు దాన్ని వండాలి, అంతే షరతు. ఒకడు నలుగురి ఉప్మా రెసిపీని వంద మందికి మార్చుకుని తెచ్చాడు. 200 గ్రాముల రవ్వ 5 కిలోలు అయింది, 600 మిల్లీలీటర్ల నీళ్లు 15 లీటర్లు. గుణింతం తప్పు లేదు. పెద్ద గిన్నెలో పోసి చేస్తే ఉప్మా కాదు, జావ. నీళ్లు ఆవిరయ్యేది గిన్నె పైభాగం నుంచి. నీళ్లు పాతిక రెట్లు పెరిగినా గిన్నె మూతి పాతిక రెట్లు పెరగదు కదా. మా గిన్నెకి 12 లీటర్లు చాలు. ఉప్పు, కారం, ఇంగువ కూడా ఊరికే గుణిస్తే కొంప ముంచుతాయి. ఆ పూట అందరం జావే తాగాం, నిమ్మకాయ పచ్చడి నంజుకుని. ఆ తర్వాత వాడు షీట్‌లో "నీళ్లు, అసలు పట్టినవి" అని సొంతంగా ఒక వరస పెట్టుకున్నాడు.

నాకు ఇష్టమైన అసైన్‌మెంట్ చివర్లో పెట్టుకుంటాను. ఒక పాత చేతి వంటను రాసి తీసుకురావాలి. అమ్మమ్మైనా సరే, ఊళ్లో పెళ్లి వంటల మాస్టారైనా సరే, బిర్యానీ ఉస్తాద్ అయినా సరే. వాళ్లెవరూ గ్రాముల్లో చెప్పరు. "ఉప్పెంత వేశారు?" అంటే "సరిపడా" అంటారు. మధ్యలో చెయ్యి పట్టుకుని ఆపి తూస్తే వాళ్ల చెయ్యి తడబడుతుంది, కోపం కూడా వస్తుంది. అందుకని చిన్న కిటుకు: వంట మొదలుకాకముందే ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె గిన్నె అన్నీ తూచి రాసుకో. అయ్యాక మళ్లీ తూచు. తేడాయే కొలత. అడిగి ఫోన్‌ని స్టాండుకి పెట్టి వీడియో తియ్యి, ఏది ఎప్పుడు పడిందో టైము అందులో ఉంటుంది. చేతులు జిడ్డుగా ఉంటే తెలుగులోనే మాట్లాడి వాయిస్ టైపింగ్‌తో నోట్స్ రాసుకో.

తణుకు నుంచి వచ్చిన ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మ పులిహోరని ఇలా మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ కిలో బియ్యమే. ఉప్పు మూడుసార్లూ రెండు మూడు గ్రాముల తేడాలో పడింది, చింతపండు మాత్రం ఒకసారి 90, ఒకసారి 120. అడిగితే, "కొత్త చింతపండు, పాత చింతపండు ఒకటేనా? నాలిక్కి అంటించి చూడవే" అన్నారట ఆవిడ. ఆ మాటని షీట్‌లో ఏ గడిలో పెట్టాలో తేలక, రిమార్క్స్‌లో ఉన్నది ఉన్నట్టు రాసింది. దానికి నేను పూర్తి మార్కులు వేశాను.

మీ దగ్గర రేపు మొదలుపెట్టడానికి కావలసినవి: గ్రాము వరకు చూపించే కాటాలు రెండు, ప్రోబ్ థర్మామీటర్ ఒకటి, ఇంటర్నెట్ ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి. ల్యాబ్‌లో ముప్పై కంప్యూటర్లు ఉన్నా మొదటి నెల వాటి జోలికి పోకండి. పిల్లల చేతిలో కూరగాయ, గుంపుకో ఫోను చాలు. ఇంకో చిన్న పని: పచారీ ప్యాకెట్ల మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు ఉంటుంది, దాన్ని ఆ సంస్థ ఫాస్కాస్ పోర్టల్‌లో కొట్టి చూడమనండి. పీరియడ్‌లో పది నిమిషాలు మిగిలినప్పుడు పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు మీ స్టోర్స్ ఇన్‌చార్జ్‌తో స్నేహం చేసుకోండి. ఈ లెక్కలన్నిటికీ అసలు బిల్లులు కావాలి, అవి ఆయన అల్మారాలో ఉంటాయి. మా దగ్గర మొదటి ఏడాది ఆయన బిల్లు చూపించలేదు, అకౌంట్స్‌కి ఇచ్చేశాను అనేవారు. ఇప్పుడు పిల్లల షీట్ చూసి, వలిచాక మిగిలేది తక్కువ వస్తోందని గోంగూర ఇచ్చేవాడినే మార్చేశారు.

మీ మొదటి క్లాసు ఎలా జరిగిందో కింద రాయండి. గోంగూర దొరక్కపోతే మునక్కాడతో చెయ్యండి, అది ఇంకా ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది.